స్పర్శ లేని కాలిలో మంట

వాకాడు వైపు ఒంటినొప్పికి మొదటి మందు కాపడం. ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి పెడతారు. ఇసుక వేడిచేసి పెడతారు. వావిలాకు మరిగించిన నీళ్లు పోస్తారు. ఆముదం రాసి, వెచ్చచేసిన జిల్లేడాకు కడతారు. బాలింత నడుముకు, వల లాగి వచ్చిన భుజాలకు, నాట్లేసి వచ్చిన పిక్కలకు దానివల్ల హాయి కలుగుతుందన్నది నిజమే. కానీ వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయిన మనిషి ‘కాళ్లు మండిపోతున్నాయి’ అన్నప్పుడు కూడా ఇంట్లోవాళ్ల చెయ్యి ఆ మూట మీదికే పోతుంది. ఆ కాలికి వేడి తెలియదు. చర్మం కమిలిపోతున్నా ఆ మనిషికి కబురందదు. మంట తగ్గదు సరికదా, తెల్లారేసరికి బొబ్బ లేస్తుంది. రక్తప్రసరణ మందగించిన ఆ చర్మం మీద బొబ్బ పుండుగా మారితే మానడానికి నెలలు పడుతుంది.

మరి స్పర్శే లేని కాలికి మంట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంట్లోవాళ్లకు కలిగే అనుమానం కూడా ఇదే. గిల్లితే తెలియదంటాడు, రాత్రంతా మండుతోందంటాడు, ఏది నమ్మాలి? రెండూ నమ్మాలి. ఈ రెండూ ఒకేచోట ఎలా ఉంటాయో తెలియక చాలా ఇళ్లలో ఆ మనిషిని శంకిస్తున్నారు. కొందరు మనసు బాగాలేక అంటున్నాడనుకుంటారు, కొందరు గాలి సోకిందనుకుంటారు. నొప్పి పడేవాడికి నొప్పి ఒక బాధ, నమ్మకపోవడం ఇంకో బాధ.

వెన్నుపాము మన చిటికెనవేలంత లావుండే నరాల కట్ట. పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. మెదడు కింద మొదలై నడుము పైభాగంలో, మొదటి కటి వెన్నుపూస దగ్గర ముగుస్తుంది. తాటిచెట్టు మీంచి జారినా, కట్టుబడి పనిలో సారవ మీంచి పడినా, జాతీయ రహదారి మీద లారీ గుద్దినా వెన్నుపూస విరిగి ఈ కట్ట నలిగిపోవచ్చు. మన దేశంలో ఎత్తు నుంచి పడటం, రోడ్డు ప్రమాదాలు అనే ఈ రెండే ప్రధాన కారణాలు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో చెట్టెక్కే భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది ఇలాంటి ప్రమాదాలు చూసే. ప్రపంచం మొత్తం మీద వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్లు కోటిన్నర మందికి పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీళ్లలో దాదాపు సగం మందికి నరాల నొప్పి ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. నడక పోవడం అందరికీ కనిపిస్తుంది. ఈ నొప్పి ఎవరికీ కనిపించదు.

ఇది గాయమైన రోజే రావాలని లేదు. చాలామందికి వారాల తర్వాత, నెలల తర్వాత మొదలవుతుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, ఎముక అతుక్కుంది, ఇక గండం గడిచింది అనుకున్నాక మొదలైన మంటను ఎవరూ పాత గాయంతో ముడిపెట్టరు. కొత్త జబ్బేదో వచ్చిందని ఊరూరా తిరుగుతారు.

మామూలు నొప్పి దారి సూటిగా ఉంటుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడి నరం ఆ కబురును వెన్నుపాము వెనకభాగంలోని కణాలకు అందిస్తుంది. అవి దాన్ని థాలమస్ అనే మెదడు లోపలి భాగానికి పంపుతాయి. అక్కడి నుంచి పైపొరలకు చేరాక, ఇది ఎడమ అరికాలు, ఇది ముల్లు అని మనకు తెలుస్తుంది. 1965లో రోనాల్డ్ మెల్‌జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ఈ దారిలో ఒక తలుపు ఉందని ప్రతిపాదించారు. వెన్నుపాములోనే కొన్ని కణాలు కాపలా ఉండి ఏ కబురు పైకి పోవాలో, ఎంత పోవాలో నిర్ణయిస్తాయన్నారు. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే ఉపశమనం కలగడానికి కారణం కూడా అదే అన్నారు. తర్వాతి పరిశోధనల్లో వివరాలు చాలా మారాయి, కానీ నొప్పి పెరిగేదీ తరిగేదీ నరాల వ్యవస్థ లోపలే అన్న ఎరుక నిలబడింది.

వెన్నుపాము నలిగినప్పుడు ముందుగా దెబ్బతినేది ఆ కాపలా. నొప్పిని అదుపు చేసే కణాల్లో కొన్ని చచ్చిపోతాయి. బతికిన నరకణాల పొరల్లో సోడియం ద్వారాలు ఎక్కువవుతాయి, దాంతో ఏ ప్రేరణా లేకపోయినా అవి వాటంతటవే విద్యుత్ సంకేతాలు వదులుతుంటాయి. మైక్రోగ్లియా అనే రక్షక కణాలు గాయం మానాక కూడా శాంతించక, పక్కనున్న నరకణాలను రెచ్చగొట్టే రసాయనాలు విడుస్తూనే ఉంటాయి. ఇక మెదడు సంగతి. కింది నుంచి కబుర్లు ఆగిపోయిన భాగం ఊరుకోదు. తుఫాను కబురు కోసం రేడియో పెట్టుకున్న మనిషి స్టేషను పోయిందని దాని గొంతు పెంచుతూ పోతే కబురు రాదు, గరగర మాత్రం ఇల్లంతా నిండుతుంది. మెదడు ఆ గరగరనే కాలి మంటగా చదువుకుంటుంది. ఎందుకంటే ఆ కణాలకు తెలిసిన చిరునామా కాలే.

దీనికి గట్టి రుజువు శస్త్రచికిత్స గదుల్లోనే దొరికింది. నొప్పి మోసే తీగను తెంచేస్తే నొప్పి పోవాలి కదా అని ఒకప్పుడు కొందరు రోగులకు గాయమైన చోట వెన్నుపామును ముక్కగా తీసేశారు కూడా. కింది నుంచి పైకి ఏ కబురూ పోయే దారే లేకుండా చేసినా కొందరికి నొప్పి అలాగే ఉంది. 1978లో మెల్‌జాక్, జాన్ లోసర్ కలిసి అలాంటి రోగుల గురించి రాశారు. కాలు తీసేసినవాళ్లకు లేని కాలు నొప్పెట్టినట్టే వీళ్లకు శరీరం కింది సగం మొత్తం నొప్పెడుతోందని వివరించారు. ఇంత తెలిశాక కాలికి కాపడం పెట్టడంలో అర్థమేముంది? నొప్పి పుట్టేది కాలిలో కాదు.

అయితే వెన్నుపాము గాయమున్న మనిషికి వచ్చే ప్రతి నొప్పీ నరాల నొప్పి కాదు. ఈ తేడా తెలియకే సగం వైద్యం తప్పుదారి పడుతోందని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలో సిడాల్ బృందం గాయమైనవాళ్లను అయిదేళ్లపాటు గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాళ్లలో 81 శాతానికి ఏదో ఒక నొప్పి ఉంది. అన్నిటికంటే ఎక్కువగా, 59 శాతం మందిలో కనిపించింది కండరాలు, కీళ్ల నొప్పి. వీల్‌చైర్ చక్రాలు తోసీ తోసీ, మంచం మీంచి కుర్చీలోకి చేతుల బలంతో ఎగిరీ భుజాలు అరుగుతాయి. తూపిలిపాళెం, దుగరాజపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఇసుక నేల మీద చక్రం కదలడమే కష్టం కాబట్టి భుజం మీద ఇంకా భారం. ఈ నొప్పి పని చేస్తే పెరుగుతుంది, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది, వేలితో చూపించగలరు. స్పర్శ ఉన్న భుజానికి ఓ మోస్తరు కాపడం పెట్టినా తప్పు లేదు.

నరాల నొప్పి తీరు వేరు. మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు, చీమలు పాకినట్టు, మంచుగడ్డ పెట్టినట్టు సలుపు అంటారు. ఇది రెండు చోట్ల వస్తుంది. ఒకటి గాయమైన మట్టం దగ్గర. నడుముకో ఛాతీకో మోకు బిగించి లాగుతున్నట్టుంటుంది, అక్కడ చొక్కా అంచు తగిలినా ఓర్చుకోలేరు. సిడాల్ లెక్కలో ఇది 41 శాతం మందికి ఉంది. రెండోది గాయానికి బాగా దిగువన, స్పర్శ లేని కాళ్లలో, పాదాల్లో, కూర్చునే చోట. ఇది 34 శాతం మందికి ఉంది, ఆలస్యంగా మొదలయ్యేది కూడా ఇదే. కదిలినా కదలకపోయినా ఒకటే. పగలు పనిలో కాస్త మరుపుంటుంది, రాత్రి దీపం ఆర్పాక విజృంభిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘నొప్పి’ అన్న ఒక్కమాటతో ఆగకుండా పైన చెప్పిన మాటల్లో మీ బాధకు సరిపోయేది చెప్పండి. రోగనిర్ధారణకు వాడే ప్రశ్నావళులు అడిగేది సరిగ్గా వాటినే.

ఈ ప్రాంతం నుంచి గూడూరులో రైలెక్కి, రేణిగుంట మీదుగా కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోయే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అక్కడి బాగాయం ప్రాంగణంలోని పునరావాస సంస్థ వెనక ఒక డాక్టరు కథ ఉంది. కొచ్చిలో పుట్టిన మేరీ వర్గీస్ సీఎంసీలో వైద్యం చదివారు. 1954లో జరిగిన కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద కదలిక, స్పర్శ పోయాయి. అక్కడే పనిచేస్తున్న శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం చదివి, తిరిగొచ్చి సీఎంసీలో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో ఆ సంస్థ తెరుచుకుంది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కాళ్లు పోయినవాళ్లకు జీవితం ఎలా కుదురుతుందో కుర్చీలోంచే చూపిన మనిషి ఆమె.

బ్రాండ్ పేరు ఇక్కడ మరో కారణంగా కూడా చెప్పుకోవాలి. కుష్ఠు రోగుల వేళ్లు ఊడిపోయేది మాంసం కుళ్లే గుణం వల్ల కాదనీ, స్పర్శ పోయి దెబ్బలు తెలియక, కాలినా కోసుకున్నా పట్టించుకోకపోవడం వల్లేననీ వేలూరులో తేల్చినవాడు ఆయన. నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో లోకానికి చెప్పాడు. వెన్నుపాము గాయంలో ఆ ప్రమాదం అలాగే ఉంటుంది, దాని మీద ఏ పనికీ రాని నొప్పి అదనంగా చేరుతుంది. కాపాడాల్సిన నొప్పి రాదు, కాపాడని నొప్పి పోదు. ఇది అన్యాయమైన సమ్మేళనం.

మందుల దగ్గరికొస్తే, ఊళ్లో తేలిగ్గా దొరికేది నొప్పి ఇంజెక్షను, డైక్లోఫెనాక్ మాత్ర. ఇవి వాపు వల్ల వచ్చే నొప్పికి పనిచేస్తాయి. నరాల నొప్పి మీద వాటి ప్రభావం దాదాపు శూన్యం. పైగా మూత్రాశయ సమస్యలతో మూత్రపిండాలు ముందే నలుగుతున్న మనిషికి రోజూ డైక్లోఫెనాక్ వేయడం మంచిది కాదు. నరాల నొప్పికి ముందు వరుసలో వాడేవి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్. గాబాపెంటిన్ మొదట మూర్ఛ మందుగా వాడుకలోకి వచ్చింది. గాబా అనే మెదడు రసాయనాన్ని పోలి ఉంటుందని ఆ పేరు పెట్టారు కానీ అది గాబా గ్రాహకాల మీద పనిచేయదని తర్వాత తెలిసింది. నరాల చివర్లలో కాల్షియం ద్వారాలకు అనుబంధంగా ఉండే ఒక ప్రోటీనుకు అది అతుక్కుంటుందని 1996లో కనుక్కున్నారు. దాంతో రెచ్చిపోయిన నరకణాలు రసాయనాలు వదలడం తగ్గుతుంది. ప్రీగాబాలిన్ కూడా అదే దారిలో పనిచేస్తుంది. వెన్నుపాము గాయం వల్ల వచ్చే నరాల నొప్పికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఆమోదించిన మొట్టమొదటి మందు అదే. గాబాపెంటిన్ ముడిమందును భారీగా తయారుచేసి ప్రపంచానికి పంపే సంస్థల్లో మన దివీస్ ఒకటి. ప్రీగాబాలిన్ జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది.

వీటినుంచి ఎంత ఆశించాలన్నది ముందే తెలియాలి, లేకపోతే రెండు వారాలకే విసిగి మానేస్తారు. ప్రీగాబాలిన్ తీసుకున్న ఏడెనిమిది మందిలో, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒకరికి నొప్పి సగానికి తగ్గుతుందని నరాల నొప్పుల అధ్యయనాల సారాంశం. పదికి ఎనిమిది ఉన్న నొప్పి అయిదుకు దిగి రాత్రి అయిదు గంటలు నిద్ర పట్టిందంటే వైద్యం ఫలించినట్టే. తక్కువ మోతాదుతో, సాధారణంగా రాత్రిపూట మొదలుపెట్టి, మెల్లగా పెంచుతారు. మగత, తల తిరగడం, కాళ్ల వాపు, బరువు పెరగడం ఉండొచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. హఠాత్తుగా ఆపకూడదు. ట్రమడాల్‌తో కలిపి వేసేటప్పుడు ఊపిరి మందగించే ప్రమాదముంది, అది డాక్టరు చూసుకోవాల్సిన పని. అమిట్రిప్టిలిన్ చవక, నిద్రకు మేలు, కానీ నోరెండడం, మలబద్ధకం పెంచుతుంది, మూత్రం బిగబడుతుంది. ఈ గాయంలో మలబద్ధకం, మూత్రం బిగబడటం ముందే ఉన్న కష్టాలు.

ఇంట్లో చేయగలిగినదాంట్లో అన్నిటికన్నా విలువైనది నొప్పిని రెచ్చగొట్టేవాటిని కనిపెట్టడం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిండిన మూత్రాశయం, మలబద్ధకం, పిరుదుల మీదో మడమ మీదో మొదలవుతున్న పుండు, బిగుతు బట్టలు, లోపలికి పెరిగిన గోరు. స్పర్శ లేని భాగంలో వీటి నొప్పి నేరుగా తెలియదు, కానీ వాటి అలజడి దెబ్బతిన్న వెన్నుపాములోకి చేరి ఉన్న మంటను రెట్టింపు చేస్తుంది. అందుకే ఒక రాత్రి మంట అకారణంగా ఎక్కువైతే ముందు మూత్రపు గొట్టం మెలిపడిందేమో, కడుపు కదిలి ఎన్నాళ్లయిందో, చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడాలి. మాత్ర ఆ తర్వాత. ఈశాన్య రుతుపవనాల్లో, తుఫాను చలిగాలికి నొప్పి పెరుగుతుందని చాలామంది చెబుతారు. అప్పుడు దుప్పటి, మేజోళ్లు సరిపోతాయి, నిప్పుల కుంపటి, వేడినీళ్ల సంచీ వద్దు. 60 డిగ్రీల వేడి నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలవు, 44 డిగ్రీల గోరువెచ్చని మూట కూడా గంటల తరబడి ఉంటే కాలుస్తుంది. స్నానం నీళ్లు మోచేత్తో చూసి, అదీ స్పర్శ ఉన్న చేత్తో, తర్వాతే పోయాలి.

మందులు కాని మార్గాలు కొన్ని ఆశ పుట్టిస్తున్నాయి. లోరిమర్ మోజ్లీ అనే పరిశోధకుడు 2007లో కొద్దిమంది రోగులను అద్దం ముందు కూర్చోబెట్టి, పైభాగం వాళ్లదే కనిపించేట్టు, కింద మరొకరి నడిచే కాళ్ల చిత్రం ఆడేట్టు అమర్చాడు. తామే నడుస్తున్నట్టు చూస్తూ ఉంటే మంట తగ్గిందన్నారు. 2010లో బార్సిలోనాలో సోలర్ బృందం దానికి తలమీద అతి తక్కువ విద్యుత్తును జతచేసి సుమారు నలభై మందిలో మేలు చూసింది. నొప్పి మెదడు గీసుకున్న బొమ్మలో ఉందన్న మాటకు ఇవి బలమిస్తాయి. వెన్నులో అమర్చే విద్యుత్ పరికరాలు ఖరీదైనవి, ఫలితం అందరికీ ఒకేలా లేదు, కాబట్టి అప్పు చేసి ముందు వాటికి పోవద్దంటాను. చేతులతో రోజూ చేసే వ్యాయామం, పగలు మంచం దిగి నలుగురిలో కూర్చోవడం, ఏదో ఒక పని చేతిలో ఉండటం ఎక్కువమందికి అందుబాటులో ఉన్నవి. నొప్పి మీద మనసు పెట్టే తీరును మార్చే మనోవైద్య సలహాలు కూడా సాయపడతాయి. అలాంటి సలహాకు పంపారంటే నొప్పి అబద్ధమన్నారని అర్థం కాదు.

కాగితాల సంగతి ఒకటి చెప్పాలి. వాకాడును ఇప్పటికీ నెల్లూరు వైపనే అంటాం కానీ 2022 ఏప్రిల్ నుంచి అది తిరుపతి జిల్లాలో ఉంది. పింఛను పని జిల్లా ఆఫీసు దాకా వెళ్తే చూసుకోవాల్సింది తిరుపతి వైపు. ఎన్టీఆర్ భరోసా పథకంలో మామూలు వైకల్య పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికి లేదా వీల్‌చైర్‌కే పరిమితమైనవాళ్లకు 15,000. వైకల్య సర్టిఫికెట్ పరీక్షకు వెళ్లినప్పుడు నడక గురించే కాక నిద్ర పట్టనివ్వని నొప్పి గురించి కూడా చెప్పి, దాని మందుల చీటీలు చూపించండి.

కొన్ని నొప్పులు మాత్రం మర్నాటిదాకా ఆగకూడదు. ఛాతీ మధ్యభాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, గాయానికి పైన చెమటలు, ముఖం ఎర్రబడటం వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని గుర్తు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టం సరిచూసి, తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇక ఏళ్లుగా ఒకే చోట స్థిరంగా ఉన్న నొప్పి కొత్తగా పైకి పాకుతున్నా, చేతుల్లోకి వచ్చినా, అంతవరకు బాగున్న చేతిలో బలం తగ్గినా, వేడీ చల్లదనమూ తెలియకపోయినా వెన్నుపాములో నీటితిత్తి పెరుగుతుండవచ్చు. అది పాత నొప్పేలే అని మాత్ర పెంచుకుని కూర్చుంటే మిగిలిన చేతులు కూడా పోతాయి. అప్పుడు చేయించాల్సింది ఎమ్మారై స్కాన్, చూపించాల్సింది న్యూరోసర్జన్‌కు.